రసీదు నా చేతికివ్వాలి

కంప్లి,
4 ఆగస్టు 2025

బీమా శాఖ మేనేజరు గారికి,

ఈ నెల ఏజెంటు పరశురామ్ మా ఇంటికి రాలేదు, అందుకే రాస్తున్నాను. ఫోన్ చేస్తే, "ఇంగ నేను వచ్చే పనే లేదు టీచరమ్మా, దుడ్డు బ్యాంకు నుంచి దానంతటదే పోతాది" అన్నాడు. మంగళూరులో నర్సుగా పనిచేసే నా మనవరాలు షెకైనా సెలవుకు వచ్చినప్పుడు, నాకు శ్రమ ఎందుకని అలా ఏర్పాటు చేసి వెళ్లిందట. పాత పద్ధతే కావాలని మీ ఆఫీసుకు వచ్చి అడిగాను. "అందరూ ఇదే కావాలంటాండారు అవ్వా, నీకేంది కష్టం?" అని కౌంటరులో అమ్మాయి నవ్వింది.

కష్టమేమిటో అక్కడ చెప్పలేదు. పరశురామ్ నెలనెలా వచ్చి, కాఫీ తాగి, "మీరు నూరేండ్లుంటారు, మా కంపెనీకి లాభమే" అని ఎగతాళి చేసేవాడు. నా గడప దాటి లోపలికి వచ్చే మనిషి అతనొక్కడే. నేను పోయాక మీరు పాలసీ సొమ్ము ఇస్తారు, సరే. నేను పోయానని మీకు ముందు ఎవరైనా చెప్పాలి కదా.

కాబట్టి జరగవలసినవి:

1. బ్యాంకు నుంచి సొమ్ము తీసుకోవడం ఆపాలి. ఈ సంగతి షెకైనాకు తెలియకూడదు. పిల్ల నా మంచికే చేసింది.
2. పరశురామ్ ప్రతి నెలా వచ్చి రసీదు నా చేతికివ్వాలి.
3. నేను తలుపు తీయకపోతే అతను తిరిగి వెళ్లిపోకూడదు. పక్కింటివాళ్లను పిలిచి తెరిపించాలి.