మిషన్ చెప్పిన మాట

వనపర్తి,
జూలై 14.

ప్రియమైన అబ్బాకు,

మీ జోయా సలాములతో రాస్తున్నది. అల్లా దయవల్ల అమ్మీ, నేను, మీ చెల్లెలు గౌసియాబీ ఫుప్పు బాగున్నాం. జెద్దా ఎండల్లో మీరూ చల్లగా ఉండాలని ప్రతి నమాజులో దువా చేస్తున్నాం. అమ్మీ మోకాలి నొప్పి గురించి అడిగారు. తైలంతో కొంచెం నయం, మెట్లెక్కడమే కష్టం. గట్టు ఊళ్లో ఫుప్పు చేనుకు మంచి వాన పడింది, పత్తి మొలిచింది.

మీ మేనల్లుడు ఉవైస్ భాయ్ ఫోనెందుకు ఎత్తడం లేదని కూడా అడిగారు. ఆయన కుడిచేతి రెండు వేళ్లు విరిగాయి. భయపడకండి, కట్టు కట్టారు. ఆరు వారాల్లో అతుకుతాయని దవాఖానలో చెప్పారు. ఎలా జరిగిందో ఫోనులో చెప్పే ధైర్యం లేక ఇలా రాస్తున్నాను.

మొన్న శనివారం మన మెకానిక్ షాపుకు ఒక స్పోర్ట్స్ కారును తాడు కట్టి లాక్కొచ్చారు. ఎర్రది, నేలకు జానెడెత్తులో ఉంది. కొని రెండు నెలలు కాలేదట. యజమాని గద్వాల వాసి ఉదయ్ కిరణ్. మర్నాడే నాగర్‌కర్నూల్‌లో ఆయన పెళ్లి. పెబ్బేరు దాటాక గేరు మూడోదాంట్లో ఇరుక్కుపోయి బండి ఆగిపోయింది. కంపెనీ వాళ్లేమో హైదరాబాదు నుంచి లారీ రావడానికి రెండు రోజులు పడుతుందన్నారట.

"మిస్త్రీ ఏడి చెల్లె? జర నీళ్లియ్యి" అన్నాడు ఉదయ్ కిరణ్ నన్ను చూసి. నీళ్లిచ్చాను.

ఉవైస్ భాయ్ కారు కింద పడుకుని చాలాసేపు విన్నాడు. "లోపల గేరు పండ్లు పట్టుకున్నట్టున్నయి సార్. గేర్‌బాక్స్ దించి సూడాలె" అన్నాడు. దించడానికి బోల్టులు విప్పుతుండగా జాకీ పక్కకు జరిగింది. బాక్సు ఆయన వేళ్ల మీద పడింది. ఇంట్లో అందరికీ ఇంతవరకే తెలుసు.

పోయిన ఉత్తరంలో మీరు, "షాపు బోర్డు మీద ఉవైస్ పేరు రాయించండి, వాడి చెయ్యి నా చెయ్యే" అని రాశారు. ఆ రోజు నాకు అన్నం సయించలేదు. ఐదేళ్లుగా ఆ షాపులో నేనూ గ్రీజులో చేతులు ముంచుతున్నాను అబ్బా. ఆయన ఏ బండి బాగుచేసినా, "అహ్మద్ మేనల్లుడు కదా!" అంటారు. అహ్మద్ బిడ్డను మాత్రం నీళ్లడుగుతారు. ఆ మంట లోపలే దాచుకుని తిరిగాను.

ఇప్పుడు అసలు సంగతి. బోల్టులు విప్పే ముందు ఉవైస్ భాయ్ నన్నడిగాడు.

"జోయా, మిషన్ ఏమంటుంది?"

మీరు కొనిచ్చిన స్కానర్ అప్పటికే నా చేతిలో ఉంది. లోపం గేర్‌బాక్సులో కాదని, దానికి పోయే తీగలో ఉందని అందులో ఇంగ్లీషులో పడింది. టార్చి వేసి చూశాను కూడా. ఎలుక కొరికిన తీగ ఒకటి కనిపించింది. ఒక్క మాట చెప్తే పావుగంటలో పని అయ్యేది. కానీ పెళ్లికొడుకు ముందు ఆయన ఓడిపోతే చూడాలనిపించింది.

"గేర్‌బాక్సే అంటుంది భాయ్" అన్నాను.

ఆయన నమ్మాడు. పది నిమిషాలకే కేక వినిపించింది.

ఆయన్ను దవాఖానకు పంపాక, పక్క షాపు పాల్ అన్నతో కలిసి బాక్సు పైకెక్కించి, బోల్టులు బిగించి, తీగ అతికించాను. గేర్లు వెన్నలా పడ్డాయి. "మస్తు పనిమంతురాలివి చెల్లె!" అన్నాడు ఉదయ్ కిరణ్. ఏళ్లుగా ఎదురుచూసిన మాట అది. నిలబడి వినలేక పనిముట్లు సర్దడానికి లోపలికి వెళ్లాను.

ఆ సాయంత్రమే ఉవైస్ భాయ్ ముందు నిలబడి అంతా చెప్పేశాను. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. మూడు రోజులు షాపు వైపు రాలేదు. నిన్న షాపుకొచ్చి, కట్టు కట్టిన చేతిని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"నాకు ఇంగ్లీషు సదువరాదని నీకెరుకే గద. సిగ్గుకు ఇన్నేండ్లు అడుగలే. ఆ మిషన్ సదువుడు నాకు నేర్పు జోయా. మల్ల ఎవ్వరి మాట మీద బండి కిందికి పోను."

నేర్పుతానన్నాను. నా ముఖం చూడకుండానే స్కానర్ ముందుకు జరిపాడు. వేళ్లు విరగ్గొట్టిన నా దగ్గరే పాఠం అడిగే గుండె ఆయనకే ఎందుకుందా అని ఆ క్షణంలో కూడా నాకు ఈర్ష్యే కలిగింది అబ్బా. ఇది ఆయనకు చెప్పలేదు, మీకు మాత్రమే చెప్తున్నాను.

ఇట్లు,
మీ కోపానికి సిద్ధపడి ఉన్న బిడ్డ,
జోయా