వేలు దూరని క్యాబినెట్

రజియా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఉదయం జరిగింది ఇది.

1. కంప్యూటర్ వేడెక్కుతోందని, ఎప్పటిలాగే క్యాబినెట్ పక్క మూత విప్పి టేబుల్ ఫ్యాన్ పెట్టాను.
2. ఎవరో పిలిస్తే గుమ్మం దాకా వెళ్లాను.
3. మన మూడేళ్ల సనా క్యాబినెట్ లోపల తిరిగే చిన్న ఫ్యాన్‌లో వేలు పెట్టింది.

గోరు చిట్లింది, అంతే. "మూత బిగించండి, పిల్ల తిరుగుతోంది" అనేదానివి. అన్నిటికీ జాబితాలు రాసే నేను ఆ మాట మాత్రం ఏ జాబితాలోనూ రాసుకోలేదు.

వెంటనే సనాను ఎత్తుకుని గవర్నర్‌పేట కంప్యూటర్ షాపులకు వెళ్లాను. ప్రతి క్యాబినెట్ కన్నానికీ తన చిటికెన వేలు ఆనించి చూశాను.

"గాజుల కొలతా సార్?" అని షాపాయన నవ్వాడు.

వేలు దూరనిది, తాళం పడేది తెచ్చి బిగించాను.

"ముట్టుకోవచ్చా అబ్బూ?" అని సనా అడిగింది.

"ముట్టుకో తల్లీ" అన్నాను.

రెండు చేతులూ వెనక్కి దాచుకుంది. నువ్వయితే ఏం చెప్పేదానివో నాకు తెలియడం లేదు.

సాయంత్రం ఆరూ నలభై.
షేక్ మస్తాన్ వలీ