ఎఫ్5లో లేని బంటు

జూన్ 3

పబ్లిషర్ మళ్లీ ఫోన్ చేశాడు. పుస్తకం ప్రెస్సుకి వెళ్లేలోపు నా మూడు వందల చెస్ టెస్ట్ పజిల్స్‌నీ కంప్యూటర్ ఇంజన్‌తో సరిచూసి పంపాలట. ఈ రోజుల్లో పాఠకులు ఒక చేత్తో పుస్తకం, ఇంకో చేత్తో ఫోన్ పట్టుకుని చదువుతున్నారట. ఒక్క జవాబు తప్పయినా పరువు తీస్తారట. ముప్పై ఏళ్లు పిల్లలకి ఆట నేర్పినవాణ్ణి. ఇప్పుడు నా జవాబులకి ఒక యంత్రం సంతకం పెట్టాలి. సరే అన్నాను. అనకపోతే పుస్తకం రాదు.

మా ఆవిడ విని, ఇన్నాళ్లకి మీ పేపర్లు దిద్దేవాడు దొరికాడన్నమాట అంది.

జూన్ 4

అనుకున్నంత కష్టం కాదు. బొమ్మలో ఉన్నట్టే పావులు స్క్రీన్ మీద పెట్టి, ఇంజన్ ఆన్ చేయడమే. పక్కన ఒక అంకె చూపిస్తుంది. ప్లస్ అయితే తెల్లది పైచేయి, మైనస్ అయితే నల్లది. సున్నా అంటే ఎవరికీ ఏమీ లేదు. ఇవాళ నలభై చూశాను. నలభైకి నలభై సరిపోయాయి. యంత్రంతో కాస్త స్నేహం కుదిరింది.

జూన్ 7

నూట పన్నెండు అయ్యాయి. రెండు చోట్ల నాకన్నా దగ్గరి దారి చూపించింది. ఏడిసింది. గెలుపు గెలుపే.

జూన్ 9, మధ్యాహ్నం 3

పాత సెలక్షన్ టెస్ట్ పేపర్ దగ్గరికి వచ్చాను. ఇరవై రెండేళ్ల కిందటిది. అప్పట్లో నా దగ్గర రబ్బరు స్టాంపులుండేవి, పావుకొకటి. ఖాళీ గళ్ల మీద ఒక్కొక్క పావూ గుద్ది మాస్టర్ కాపీ తయారు చేసి, జిరాక్స్ తీయించేవాణ్ణి. ఆ మాస్టర్ కాపీ చూస్తే ఇప్పటికీ ముచ్చటగా ఉంది. నా చెయ్యి శుభ్రమైన చెయ్యి.

పదిహేడో బొమ్మ దగ్గర ఇంజన్ సున్నా చూపిస్తోంది.

సాయంత్రం 4.15

పావులన్నీ తీసేసి మళ్లీ పెట్టాను. సున్నా.

సాయంత్రం 5

నా జవాబు అందరికీ తెలిసిన ఎత్తే. క్వీన్‌ని హెచ్7 గడిలో బలిచ్చెయ్యాలి. రాజు తినక తప్పదు. వెంటనే రూక్‌తో పక్క నుంచి చెక్, అదే మేట్, ఆట కట్టు. వేలసార్లు చూపించాను. దీన్ని తప్పంటుందా ఇది?

జూన్ 10

పొద్దుటి నుంచి ఆపకుండా నడిపించాను. ఇంకా లోతుకి వెళ్తే మనసు మార్చుకుంటుందని ఆశ. డెప్త్ ముప్పై, నలభై, నలభై ఆరు. లాప్‌టాప్ ఇస్త్రీపెట్టెలా కాలిపోతోంది. బట్టలు తెచ్చి ఇవ్వనా అంది మా ఆవిడ.

సున్నా.

జూన్ 11

ఇవాళ అంకెని వదిలేసి, ఎత్తులు చూశాను. క్వీన్ ఇచ్చాం. రాజు తిన్నాడు. రూక్ చెక్. రాజు తాపీగా జీ6లోకి నడిచి వెళ్లిపోయాడు.

వెళ్లలేడే! ఎఫ్5లో తెల్ల బంటు ఉంది, జీ6కి అది కాపలా. బొమ్మ చూశాను. ఎఫ్5 ఖాళీ.

అటక మీద నుంచి పాత నోట్‌బుక్ దింపాను. పదిహేడో బొమ్మ పెన్సిల్‌తో గీసి ఉంది. ఎఫ్5లో బంటు ఉంది. కింద నా రాత: తెల్ల 7, నల్ల 7. పావుల లెక్క కింద రాయడం మా వృత్తిలో అలవాటు. ఏదైనా జారిపోతే చదివేవాడికి తెలుస్తుందని. ఆ పేపర్లో మాత్రం నేను లెక్క రాయలేదు. పిల్లలు లెక్క మీద ఆధారపడకుండా కళ్లతో చూడాలని.

మాస్టర్ కాపీలో తెల్ల పావులు ఆరే. ఒక్క స్టాంపు గుద్దడం మర్చిపోయాను.

స్క్రీన్ మీద బంటు పెట్టాను. చిటికెలో మేట్ చూపించింది. హమ్మయ్య అనుకున్నాను. పదిహేడు సరిచేసినట్టు రాసుకుని కాఫీ తాగాను.

జూన్ 12

పదిహేడో ప్రశ్నకి మా అమ్మాయి ఏం రాసిందో నాకు గుర్తుంది.

జూన్ 13

ఆన్సర్ షీట్ల కట్ట విప్పాను. రాయకుండా ఉంటే పిచ్చెక్కేలా ఉంది, రాస్తాను.

ఆ పరీక్ష ఇరవై ముగ్గురు రాశారు. ఆరుగురిని కోచింగ్ క్యాంపుకి పంపాలి. రాసినవాళ్లలో మా అమ్మాయి ఒకతి, పన్నెండేళ్లది. దిద్దింది నేను. తండ్రి దిద్దాడు, కూతుర్ని పంపాడు అని ఎవరూ అనకూడదని మిగతా అందరికన్నా దానికే గట్టిగా దిద్దాను. అప్పుడు దాన్ని నిజాయితీ అనుకున్నాను. నలుగురికీ చెప్పుకున్నాను కూడా.

పదిహేడుకి పందొమ్మిది మంది క్వీన్ హెచ్7 అని రాశారు. ముందు వారమే ఆ ఎత్తు నేర్పాను మరి. అందరికీ రెండేసి మార్కులు. ముగ్గురు వదిలేశారు. మా అమ్మాయి మాత్రం ఇలా రాసింది: క్వీన్ ఇస్తే రాజు జీ6కి వెళ్లిపోతాడు. గెలుపు లేదు. క్వీన్లు మార్చుకుంటే ఆట సమానం.

పక్కన నా ఎర్ర ఇంకు. సున్నా. కింద, కళ్లు పెట్టి చూడు.

ఇంజన్ రెండు రోజులు చెమటోడ్చి చెప్పిన మాటే అది. ఆ గదిలో బొమ్మని చూసింది అదొక్కతే. మిగతావాళ్లు నన్ను చూశారు.

ఒక్క మార్కు తేడాతో ఏడోది అయింది. ఇంటికొచ్చి నాన్నా అక్కడ బంటు లేదు అంది. పరీక్ష అయ్యాక ప్రశ్నపత్రాలు వెనక్కి తీసేసుకోవడం నా పద్ధతి, మళ్లీ వాడుకోవచ్చని. అది చూపించడానికి దాని చేతిలో ఏమీ లేదు. నేను నోట్‌బుక్ తెరిచి, బోర్డు మీద పద్నాలుగు పావులూ పేర్చి, ఇదిగో బంటు, ఇదిగో మేట్ అని చూపించాను. మాస్టర్ కాపీ నా బీరువాలోనే ఉంది. తీసి చూడాలని తోచనే లేదు. అది చాలాసేపు బోర్డు వంక చూసింది. అయితే నాకే కనబడలేదేమో అంది. ఆ తర్వాత ఆడలేదు.

ఇవాళ మార్కులు మళ్లీ వేశాను. పందొమ్మిది మందికి తీసేశాను, దానికి కలిపాను.

అదే ఫస్ట్.

జూన్ 15

మా అమ్మాయి మందుల షాపుకి వెళ్లాను. చెప్పేద్దామనే వెళ్లాను.

ఒక పెద్దాయన బీపీ మాత్రలు తీసుకుంటున్నాడు. అది స్ట్రిప్పు మీద పేరు చదివింది, చీటీ చూసింది, మళ్లీ చదివింది, మళ్లీ చూసింది. మూడుసార్లు. ఆయన విసుక్కోలేదు, అలవాటైపోయినట్టుంది. ఇంట్లో గ్యాస్ కట్టేశానా అని మూడుసార్లు చూస్తుంది. తాళం మూడుసార్లు లాగుతుంది. బండి నేర్పిస్తానని అల్లుడు ఎంత బతిమాలినా వద్దంది, ఎదురుగా ఉన్నవి నాకు కనబడవండీ అని. కళ్ల డాక్టరు దగ్గరికి మూడేళ్లు వరసగా వెళ్లింది. ఆయన కళ్లు భేషుగ్గా ఉన్నాయన్నాడు. అయినా నమ్మలేదు.

దానికి మూడుసార్లమ్మ అని పేరు పెట్టింది నేనే. నలుగురూ కూర్చున్నప్పుడల్లా ఆ పేరుతో పిలిచి నవ్వించాను.

ఏంటి నాన్నా ఇలా వచ్చావు అంది. తలనొప్పి మాత్ర కావాలన్నాను. మూడుసార్లు చూసి ఇచ్చింది.

జూన్ 18

మా ఆవిడకి చెప్పాను. పప్పు ఏరుతోంది, చెయ్యి ఆగిపోయింది. అప్పుడే చెప్పింది కదండీ పిల్ల, బంటు లేదు లేదని ఏడ్చింది కదండీ అంది. పప్పు గిన్నె పక్కన పెట్టి, నేనూ మీ మాటే నమ్మాను అంది.

లేచి లోపలికి వెళ్లిపోయింది.

జూన్ 20

చెప్పకుండా ఉండిపోతే? పుస్తకంలో బంటు పెట్టేస్తే ఈ లోకంలో ఎవరికీ తెలియదు. రోజంతా ఇదే ఆలోచన. నా మీద నాకే రోత పుట్టింది.

జూన్ 21

చెప్పాను.

మధ్యాహ్నం షాపు నుంచి నేరుగా వచ్చింది. మాస్టర్ కాపీ, నోట్‌బుక్, దాని ఆన్సర్ షీట్ బల్ల మీద పెట్టాను. తప్పు నాది తల్లీ, నువ్వు రాసిందే కరెక్టు, బంటు నేను గుద్దలేదు అన్నాను. అరుస్తుందనుకున్నాను. అరిస్తే బాగుండేది.

కుర్చీ లాక్కుని కూర్చుంది. పెన్ను మూతతో ఒక్కొక్క పావునీ తాకుతూ లెక్కపెట్టింది. పదమూడు. మళ్లీ పెట్టింది. మళ్లీ. తర్వాత కాగితాన్ని కిటికీ వెలుగుకి ఎత్తి పట్టుకుని, సిరా వెలిసిపోయిందేమో నాన్నా అంది.

లేదమ్మా, మిగతావన్నీ నల్లగానే ఉన్నాయి కదా అన్నాను. స్టాంపు సరిగ్గా అంటుకోలేదేమో అంది. నా తరఫున వాదిస్తోంది! ఇరవై రెండేళ్ల తర్వాత కూడా. నేనే గుద్దలేదమ్మా అన్నాను.

అయితే అప్పుడు నాకు కనిపించింది నిజమేనా అంది. నిజమే అన్నాను. నేను బాధపడతానని అనట్లేదు కదా అంది. కాదు అన్నాను. అమ్మని పిలిచి లెక్కపెట్టమంది. మా ఆవిడ పదమూడు అంది. అమ్మ కళ్లజోడు పెట్టుకోలేదు కదా అని గొణిగింది.

బోర్డు తెచ్చాను. ఒక్క బొమ్మ, ఏదో ఒకటి, ఇద్దరం కలిసి చూద్దామా అన్నాను. బతిమాలాను కూడా. నవ్వింది. వద్దు నాన్నా, నేనేం చెప్పినా అది కరెక్టో కాదో మళ్లీ నువ్వే చెప్పాలి కదా అంది. కోపంగా అనలేదు. కోపం అంటే తన మీద తనకి కాస్తయినా నమ్మకం ఉండాలి. అది కూడా నేను మిగల్చలేదు.

పర్వాలేదులే నాన్నా అంది వెళ్తూ. మాస్టర్ కాపీ పట్టుకెళ్లింది.

జూన్ 22

పబ్లిషర్‌కి ఫోన్ చేశాను. పదిహేడో బొమ్మ బంటు లేకుండానే వెయ్యమన్నాను, జవాబు గెలుపు లేదు అని. కింద మా అమ్మాయి పేరు. గెలుపే లేని పజిల్ ఎవరిక్కావాలండీ, తీసేస్తే పోలా అన్నాడు. అది తీసేస్తే పుస్తకమే వద్దన్నాను. ఆలోచిస్తానని పెట్టేశాడు.

జూన్ 24, ఉదయం 7.10

ఫోన్. పదమూడే కదా నాన్నా అంది. పదమూడే అన్నాను.

7.25

ఫోన్. పదమూడే.

7.40

ఫోన్ పక్కనే కూర్చున్నాను.