పఫ్ కోసం పగ

లక్సెట్టిపేట,
1966 ఏప్రిల్.

మందమర్రి గనిలో ఉన్న మన కొడుకు కొమురెల్లి బాపుకు మీ భార్య కిష్టవ్వ దండం పెట్టి రాసేది. ఇక్కడ అందరం బాగున్నాం. నా కోపం కూడా బాగానే ఉంది.

బర్రె ఈనిందా అని అడిగారు. ఈనింది, పెయ్యదూడ. అత్తమ్మ మోకాళ్ళ నొప్పి కాస్త తగ్గింది. ఇక మీ చెల్లెలు యాదవ్వ సంబంధం మాట. "తాలీం గాళ్ల ఇంటికి యాదవ్వను ఇయ్య. గా కైలాసం పేరు నా ముంగట ఎత్తకు" అని రాశారు. ఆ ఉత్తరం పొయ్యిలో పెట్టబోతే అత్తమ్మ లాక్కుంది.

నేను కొత్త కోడలిగా వచ్చినప్పుడు మీ రెండు బ్యాచ్‌లను గోడ మీదుగా చూసి నవ్వుకోని రోజు లేదు. మీ పఫ్ బ్యాచ్ వాళ్ళు గొట్టం ప్యాంట్లలో కాళ్ళు దూర్చడానికి ఒకరి భుజం ఒకరు పట్టుకుని గెంతేవారు. నెత్తిన లేపిన పఫ్ నుంచి కొబ్బరినూనె కాలర్ మీదికి కారేది. కుస్తీ పట్టే తాలీం బ్యాచ్ వాళ్ళు బోడిగుండ్లకు ఎర్రమట్టి పూసుకుని, మీరు చాయ్ తాగే హోటల్ ముందు తొడలు చరుచుకుంటూ పోయేవారు. మీరు ఈలలు వేసేవారు. ఎంత బాగుండేవి ఆ రోజులు! అందుకే ఇంకా మండుతోంది నాకు. అంత మంచి అల్లరిని పగ చేసి దాచుకున్నారు.

మీ పఫ్‌ను కైలాసం కత్తిరించాడు, నిజమే. ఎందుకు కత్తిరించాడో మాత్రం ఏనాడూ రాయరు. హోళీకి కాముని కాల్చడానికి కట్టెలు ఎత్తుకురావడం రివాజు, ఎవరూ ఏమీ అనరు. మీరు ఎత్తుకొచ్చింది మాత్రం తాలీంలో దేవుని పటం ముందు పెట్టి వాళ్ళు మొక్కే కర్ర గదలు. వాటిని మంటలో వేసి చప్పట్లు కొట్టారు. తెల్లవారి వాళ్ళ ఉస్తాద్ ఆ బూడిద దగ్గర కూర్చుని ఏడ్చాడు. మీ జుట్టు మళ్ళీ మొలిచింది. వాళ్ళ తాతల నాటి గదలు మొలిచాయా? అసలిప్పుడు పఫ్ లేపడానికి మీ నెత్తి మీద వెంట్రుకలెక్కడివి?

ఇంతసేపు దాచిన మాట చెబుతున్నాను. మొన్న కైలాసం వాళ్ళు వచ్చి పూలు, పండ్లు పెట్టి పోయారు. యాదవ్వను అడిగే అత్తమ్మా నేనూ మాట ఇచ్చాం. పోయేటప్పుడు కైలాసం వాకిట్లో ఆగి, "అక్కా, బావ అస్తడా? ఇంకా నా మీద కోపమున్నదా?" అని అడిగాడు.

మామయ్య లేడు కాబట్టి పీటల మీద మనమిద్దరమే కూర్చోవాలి. పెండ్లికొడుకు కైలాసం కాళ్ళు మీరే కడగాలి. మీకు మింగుడుపడనిది అదేనని తెలుసు. చిన్నమామను కూర్చోబెడదామంటే యాదవ్వ వినలేదు. "అన్న కడుగకుంటే నాకీ లగ్గమే వద్దు" అని ఏడుస్తోంది. మీరు ఎత్తుకు పెంచిన పిల్ల.

లగ్గం వచ్చే బుధవారం. చెంబు పట్టుకుని నేను ఒక పీట మీద కూర్చుంటాను. రెండో పీట మీద ఎవరినీ కూర్చోనివ్వను. మీ బ్యాచ్ వాళ్ళూ, తాలీం వాళ్ళూ అందరూ వస్తున్నారు. ముహూర్తం దాటిపోతే యాదవ్వకు మీరే జవాబు చెప్పుకోండి.

ఇట్లు,
మీతో మాట్లాడనంటూనే ఇంత రాసిన
కొమురెల్లి అవ్వ