‘ప్లౌ’లో నా గ్లాసు

7 సెప్టెంబర్ 1985, శనివారం

ఈరోజు గ్రిమ్‌షా బూట్ల మీద గొలుసు విసిరేశాను.

గ్రిమ్‌షా మా వర్క్‌షాపు సూపర్‌వైజర్. ఇంగ్లీషు ముసలాయన. పెద్ద మోటారు ఒకటి పైకి లేపాలి. గొలుసు తగిలిస్తుంటే ఒక లింకుకు వెంట్రుకంత పగులు కనబడింది. చూపించాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుని వంగి చూసి, ఏమీ లేదు, యల్లా, కానియ్యి, ఎత్తు అన్నాడు. కింద ఇద్దరు మనుషులున్నారు. నేను గొలుసు ఊడదీసి ఆయన కాళ్ళ మీద పడేసి యూ బ్లైండ్ డాంకీ అన్నాను. మూడేళ్ళు డిక్షనరీ ముందేసుకుని నేర్చుకున్న ఇంగ్లీషు ఇందుకు పనికొచ్చింది.

ఆయన గొలుసు తీసుకుని ఆఫీసులోకి పోయాడు.

తప్పు చేశానా? లేదు. రాసి పెడుతున్నాను. లేదు.

8, ఆదివారం

ఎవరూ ఏమీ అనలేదు. తిట్టినా బాగుండేది.

9, సోమవారం

అస్కర్‌లో మా లేబర్ క్యాంపంతా నా సంగతే. పక్క మంచం నర్సింలన్న, సిద్దిపేటాయన, పొద్దున్నే నా పెట్టె దిక్కు చూసి, తమ్మీ ఎలియేజరూ, ఇగ నీ దుబాయి ఖలాస్, పోయేటప్పుడు ఆ టేబుల్ ఫ్యాను నాకిచ్చి పోరాదు అన్నాడు. ఇది దుబాయి కాదన్నా, బహ్రెయిన్ అన్నాను. ఏదైతేంది తియ్, ఎల్లగొట్టేటోళ్ళు యాడున్నా ఎల్లగొడ్తరు అన్నాడు. గదంతా నవ్వింది. నేనూ నవ్వాను. పాస్‌పోర్టు ఆఫీసు బీరువాలో ఉంది. ఒక్క సంతకం చాలు నన్ను విమానం ఎక్కించడానికి.

ఊళ్లో నాకేముంది? బస్టాండు దగ్గర హోటలుంది. దాని చూరులో మా వాడ వాళ్ళకని వేరే పెట్టిన సత్తు గ్లాసులున్నాయి. మా గ్లాసు మేమే తీసుకోవాలి. ఆయన ఎత్తు నుంచి పోస్తే పట్టుకోవాలి. బయట తాగి, కడిగి, మళ్ళీ చూరులో పెట్టాలి. పదహారేళ్ళప్పుడు ఒకరోజు ఆ గ్లాసును కిందేసి కాలితో తొక్కాను. అప్పడమైంది. మర్నాటి నుంచి ఊళ్లో నన్ను ఒక్కరు పనికి పిలవలేదు. మా అమ్మ జీవమ్మ పోయి ఆ హోటలాయన కాళ్ళు పట్టుకుంది. కొత్త గ్లాసు కొనిచ్చి వచ్చింది.

ఇప్పుడు తిప్పి పంపితే ఆ గ్లాసు దగ్గరికే పోవాలి. ఆ సత్తునే ఇక్కడ మా క్యాంపు పక్క ఫ్యాక్టరీలో టన్నుల లెక్కన కరిగించి పోస్తారు.

పోను.

11, బుధవారం

గ్రిమ్‌షా నా చేతిలో మడత కాయితం పెట్టి పోయాడు. మొహం చూడలేదు. శుక్రవారం ఒంటిగంటకు ‘ది ప్లౌ’కు రా, ఆకలితో రా అని రాసి ఉంది. కింద మనామాలో ఒక హోటల్ పేరు, దాని పబ్బు అని.

డిక్షనరీ తీశాను. ప్లౌ అంటే నాగలి. తాగే చోటుకు నాగలి పేరు! నాగలి పట్టిన వాళ్ళను లోపలికి రానిస్తారా అని కూడా రాయాల్సింది.

నర్సింలన్నకు చదివి చెప్పాను. ఉరి తీసే ముంగట కడుపునిండ పెడ్తరట గదరా అన్నాడు.

12, గురువారం

నర్సింలన్న చొక్కా అడిగి తీసుకున్నాను. రెండుసార్లు ఇస్త్రీ చేశాను. ఎందుకో తెలియదు.

13, శుక్రవారం, సాయంత్రం ఐదు

అంతా రాయాలి. వరసగా రాయాలి.

పికప్‌లో మనామా పోయాను. హోటల్ వెనక వైపు ఒక తలుపు, పైన నాగలి బొమ్మ. కాపలా మనిషి ఆపితే కాయితం చూపించాను. లోపల అడుగు పెడితే ఇంగ్లండులో ఏదో పల్లెటూరు. తలకు తగిలేంత తక్కువ పైకప్పు, నల్లటి దూలాలు. వేలితో కొట్టి చూశాను, ప్లైవుడ్డు. పొయ్యి ఉంది, అందులో నిప్పుకు బదులు ఎర్ర బల్బు, నెత్తిన ఏసీ గుర్రుమంటోంది. గోడకు నిజం నాగలి. మేకులు కొట్టి తగిలించారు, కర్రుకు పాలిష్ పెట్టారు. దాంతో దున్నినవాడు చూస్తే ఏమంటాడు?

మూల బల్ల దగ్గర కూర్చున్నాను. ఒంటిగంట అయింది. గ్రిమ్‌షా లేడు. ఎవరూ వచ్చి ఏం కావాలని అడగలేదు. ఒంటిగంటన్నర. చుట్టూ తెల్లవాళ్ళ చేతుల్లో గ్లాసులు, ముందర ప్లేట్లు. కౌంటర్ వెనక మన రంగు మనిషి ఒకడు నన్ను చూస్తాడు, తల దించుకుంటాడు. అప్పుడు నాకు అర్థమైంది. పని తీసేసే ముందు పదిమందిలో కూర్చోబెట్టి, నీళ్ళు కూడా ఇవ్వకుండా చూపించాలనుకున్నారు.

లేచి కౌంటర్ దగ్గరికి పోయాను. నాకెందుకు ఇవ్వరని ఇంగ్లీషులో అడిగాను. ఆయన తెలుగులో మాట్లాడాడు! గుర్తు పట్టాను. మా తెలుగు చర్చి ఫెలోషిప్పులో ముందు నిలబడి పాటలు పాడే సమూయేలు గారు, నర్సాపురం ఆయన. ముందుకు వంగి, బాబ్బాబు, నేనిక్కడ బీరు పోస్తన్నానని పాస్టరు గారితో అనకండే అన్నాడు. తర్వాత, అయినా అలా కూర్చుండిపోయారేంటండీ, తమరు లేచి వస్తారని నేను చూస్తన్నాను, ఇక్కడ ఎవరి గ్లాసు వాళ్ళే వచ్చి పట్టికెళ్ళాలండి అన్నాడు.

ఎవరి గ్లాసు వాళ్ళే.

ఆ తర్వాత నేనేం మాట్లాడానో సగమే గుర్తుంది. సముద్రం దాటి వచ్చింది నా గ్లాసు నేను తీసుకోవడానికి కాదన్నాను. చూరు ఎక్కడుందో చూపించు, అందులోనే పెట్టావు కదా నాది అన్నాను. గొంతు పైకి లేచింది. పబ్బు మొత్తం నా వైపు తిరిగింది. సమూయేలు గారి మొహం తెల్లబోయింది. అయ్యయ్యో, అది కాదండీ, అది కాదండీ అంటున్నాడు.

కొంచెం జరుగు అని వెనక నుంచి గ్రిమ్‌షా గొంతు. దారిలో టైరు పేలిందట. చేతులు మోచేతుల దాకా నల్లగా ఉన్నాయి. జరిగి చూస్తే నా వెనక లైను ఉంది. లైనులో ముందున్నది మా కంపెనీ మేనేజరు. క్యాంపుకు వస్తే మేమంతా లేచి నిలబడే మనిషి. ఆయన మూడు గ్లాసులు రెండు చేతుల్లో ఇరికించుకుని, ఒలకకుండా నాలుక కొన పళ్ళ మధ్య పెట్టుకుని, చిన్న చిన్న అడుగులు వేస్తూ తన బల్ల దగ్గరికి పోయాడు. ఎవరూ నవ్వలేదు. ఎవరూ అందుకోలేదు.

తర్వాత గ్రిమ్‌షా రెండు బీర్లు చెప్పాడు. సమూయేలు గారు పొడుగాటి పిడి పట్టుకుని బోరింగు కొట్టినట్టు లాగి లాగి నింపారు. రెండు గ్లాసులూ తిప్పి తిప్పి చూశాను. ఎక్కడన్నా గుర్తు ఉందేమోనని. లేదు. ఒకటే రకం. గ్రిమ్‌షా రెండూ తనే మోసుకొచ్చాడు. నురగ మణికట్టు మీద కారుతోంది. ఒకటి నా ముందు పెట్టాడు.

నేను ఖలాసా, కాదా అని అడిగాను. మొదటి గుక్క పడకముందు ఇక్కడ పని సంగతి మాట్లాడరు అన్నాడు.

తాగాను. చల్లగా లేదు. గ్యాసు లేదు. కొంచెం చేదు, వెనక కొంచెం పులుపు. పొద్దున దించిన ఈతకల్లు మధ్యాహ్నానికి ఎలా మారుతుందో అలా ఉంది. ఇది చచ్చిన బీరు కాదు, ఇంకా బతికే ఉంది అన్నాను నాకొచ్చిన ఇంగ్లీషులో. ఆయన బల్ల మీద చరిచాడు. ఐసు అడిగే మూర్ఖులకు జన్మంతా ఇదే చెప్తున్నానన్నాడు. పీపా ఓడలో వచ్చిందట. మూడు రోజులు కదిలించకుండా పడుకోబెట్టాలట. కల్లుకుండను కూడా మావాళ్ళు కుదపనివ్వరు అన్నాను. తలాడించాడు.

షెపర్డ్స్ పై తెప్పించాడు. కింద మటన్ కీమా, పైన మెత్తగా మెదిపిన ఆలుగడ్డ, మాడిన పొర. కారం లేదు. అయినా ప్లేటు నాకినంత పని చేశాను. వారం తర్వాత నోటికి రుచి తెలిసింది.

అప్పుడు జేబులోంచి కోసిన లింకు తీసి ప్లేటు పక్కన పెట్టాడు. పగుళ్ళు బయటపెట్టే రంగు పూసి చూస్తే పగులు సగం దాకా ఉందట. ఆగస్టులో ఆ గొలుసు బాగుందని చూడకుండా సంతకం పెట్టింది తనేనట. మోటారు కింద ఉన్న ఇద్దరూ మూడు రాత్రులు కలలోకి వచ్చారట. ఆఫీసుకు తన తప్పు రాసి ఇచ్చేశాడట. రేపటి నుంచి ప్రతి శనివారం గొలుసులు నువ్వు చూడాలి, నువ్వు వద్దన్నది ఎవరూ ఎత్తకూడదు, నాతో సహా అన్నాడు.

అయితే ఖలాస్ కాదా అన్నాను. కాదన్నాడు. బ్లైండ్ అన్నది ఒప్పుకుంటాను, కొత్త అద్దాలకు చెప్పాను, డాంకీ మాత్రం వెనక్కి తీసుకో అన్నాడు. తీసుకున్నాను. సగం.

ఇంకొకటి రాయాలి. రాయకూడదనుకున్నాను.

గ్లాసు ఖాళీ అయింది. లేచాను. కొంచెం దూరం పోయాక చూసుకున్నాను, చేతిలో గ్లాసు ఉంది, కళ్ళు నల్లా కోసం వెతుకుతున్నాయి. కడగడానికి. నేను! గ్లాసు తొక్కిన నేను!

సమూయేలు గారు కౌంటర్ దాటి వచ్చి, మెల్లగా నా చేతిలోంచి గ్లాసు తీసుకున్నారు. ఇలా ఇవ్వండి బాబూ, అది మా డ్యూటీ అన్నారు. చూరు మాట ఆయనకు ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు.

బయట ఎండలో నిలబడి ఊపిరి పీల్చాను. లోపలి దాకా పోయింది.

14, శనివారం

గొలుసులన్నీ చూశాను. రెండు పక్కన పెట్టించాను. గ్రిమ్‌షా వచ్చి, చేతులు వెనక్కి పెట్టుకుని, సరే అన్నాడు.

ఫ్యాను దక్కలేదని నర్సింలన్న ఏడుపు. చొక్కా ఉతికి ఇచ్చాను.

11 అక్టోబర్, శుక్రవారం

‘ప్లౌ’కు పోయాను. ఒక్కణ్ణే. లైనులో నిలబడి నా గ్లాసు నేనే తెచ్చుకున్నాను. తాగాక బల్ల మీదే వదిలేసి వచ్చాను.

రోడ్డు మీదికి వచ్చాక చేతులు చూసుకున్నాను. పొడిగా ఉన్నాయి.