షికారుకు పర్మిషన్

పార్కు ఇన్‌ఛార్జి గారికి నాచారం నుంచి నమస్కారాలు.

నేను రిటైరైన గుమాస్తాను. వచ్చే ఆదివారం మా కుటుంబమంతా అన్నోజిగూడ అవతల ఉన్న మీ పార్కులో షికారు చేయాలనుకుంటున్నాం. మా ఆవిడ అన్నపూర్ణమ్మకి జింకలంటే ప్రాణం. ఎక్కువమంది వస్తే రాసి అడగాలని గేటు దగ్గర చెప్పారు. అనుమతివ్వగలరు.

భవదీయుడు,
పట్టాభిరామయ్య

తా.క.: మీరు అయినవారిలా అనిపించి చెబుతున్నాను. మా అబ్బాయి తేజేష్ కన్నేసిన పిల్ల మీ పార్కుకే వస్తుందట. మా ఆవిడ చూసి ఊఁ అంటే ఇంటికి తెచ్చేసుకుంటాం.

*

పట్టాభిరామయ్య సారుకు దండాలు.

ఉత్తరం సదివితే చెమటలు వట్టినయ్. పార్కుల షికారేంది సారు? జైల్ల ఏస్తరు! దొరల కాలంల చేసిన్రు తుపాకులు వట్టుకొని, గా రోజులు పోయినయ్. అమ్మకు గంత ప్రాణమైతే చికెన్ దిని సర్దుకోమనుండ్రి. పిల్ల మీద కన్నేసుడైతే ఇంకా పాపం.

ఇట్లు,
ఉప్పలయ్య, పార్కు ఇన్‌ఛార్జి

తా.క.: మీవోనికి తుపాకి ఎక్కడిది?

*

ఉప్పలయ్య గారికి,

తుపాకీ ఏమిటండీ? మావాడు ఉత్త చేతులతోనే వస్తాడు. ఈల వేస్తే చాలు, పిల్ల పరిగెత్తుకొస్తుందట. ఇందులో పాపమేముంది? ఏ కాలంలో ఉన్నారు మీరు? మేం రోజూ నాచారం చెరువు గట్టున షికారు చేస్తాం. కానిస్టేబులే ఎదురొచ్చి నమస్కారం పెడతాడు.

నొచ్చుకున్న
పట్టాభిరామయ్య

తా.క.: పిల్ల తండ్రి మహా కోపిష్టి అట. ఆయన కంట పడకుండా కాస్త సాయం చేయండి.

*

ఏమయ్యా పట్టాభిరామయ్యా,

పోలీసోళ్లను గూడ కలుపుకున్నవా? పిల్ల నాయిన సంగతి నీకు తెల్వది. కొమ్ములు మూరెడున్నయ్. మొన్న మా వాచ్‌మన్‌ను ఉరికిచ్చి గోడ ఎక్కిచ్చింది. ఆదివారం రా, గేటుకాడ కట్టె వట్టుకొని నేనే ఉంట.

ఉప్పలయ్య

తా.క.: అమ్మను మాత్రం తోలుకరాకు. ఆడోళ్ల మీద కేసు రాసుడు నాకు మంచిగనిపియ్యది.

*

బావగారికి, అన్నపూర్ణమ్మ అక్కకు శనార్థులు.

నిన్న మీ పిలగాడు ఈల ఏసిండు. నేను కట్టె లేపిన. ఒక్క జింక తల ఎత్తలే. చెట్ల సాటుకెల్లి నా బిడ్డ త్రివేణి ఉరికొచ్చింది! నా కోసం తెచ్చిన సద్దిడబ్బ మీవోని చేతుల వెట్టింది. నేను కట్టె కింద వెట్టిన.

మీ దిక్కు షికారంటే ఊకె తిరుగుడేనని బిడ్డే చెప్పింది. మా దిక్కు వేట బావా, ఏం జెయ్యాలె! అక్క ఊఁ అన్నదట. బిడ్డ ఎప్పుడో అన్నదట. నన్ను ఎవ్వరడగలే. అడగకున్నా చెప్తున్న, నాది గూడ ఊఁ.

మీ వియ్యంకుడు
ఉప్పలయ్య

తా.క.: పార్కులకెల్లి ఏ జీవాన్నీ బయటికి పోనియ్యొద్దని రూలున్నది. పెండ్లినాడు గేటు నేనే తీస్త.