కిటికీ కింది మడి

చెల్లాయ్,

నా రాత చూసి నవ్వకు. బస్సు తోలిన చేతులు, గతుకులు తప్పవు.

నువ్వు రాస్తున్న ఆ కవయిత్రమ్మ జీవితకథ భాగం భాగంగా పంపినప్పుడల్లా, వేలు పెట్టి కూడబలుక్కుని చదివాను. ఆవిడ తోట ఇప్పుడు లేదన్నావుగా, అందుకని నువ్వు రాసింది రాసినట్టు మన పెరట్లో వేశాను. గేటు పక్కన గులాబీలు, గోడవారన మల్లెలు. నీకు చెప్పలేదు. చెబితే ముసలాడికి మతిపోయిందంటావు.

ఇప్పుడేమో కిటికీ కింది మడిలో ఆవిడ ఏం వేసిందో ఎక్కడా దొరకలేదని, పుస్తకమే ఆపేస్తానని రాశావు. బుద్ధుందా? జీవితమంతా పాత పద్యాలు, పాత తోటలు వెతికినదానివి, ఒక్క మడి దగ్గర చతికిలబడతావా? తెలియకపోతే తెలియదని రాసెయ్. పోయినావిడ ఆ ఒక్క మడైనా తనకోసం దాచుకోనీ.

మన కిటికీ కింది మడిలో నేనూ ఏమీ వేయలేదు. తవ్వి, చదును చేసి, నీకు కుర్చీ వేశాను. కాగితాలు పట్టుకుని రా. చివరి భాగం అక్కడ కూర్చుని రాయి. నేను పలకరించనులే. మల్లెలకు నీళ్లు పెట్టుకుంటూ ఉంటాను.

మీ అన్నయ్య